పేరు చెప్పని ప్రార్థన

"ఆ బ్యాగు కింద పెట్టరా."

మార్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులకూ శనగపిండి అంటుకుని ఉంది.

"తప్పుకో అమ్మా."

"పెట్టమంటన్నానా? ఆదివారం ఇంట్లోంచి పోయినోడివి, ఇయ్యాల ఎవురూ లేని యాళ చూసి దొంగ మాదిరి వచ్చి గుడ్డలు సర్దుకుంటన్నావు. ఏందిరా ఇది? బ్రూక్‌ఫీల్డ్‌లో ఆ వినయ్ రూములో ఏముంది, మన ఇంట్లో లేంది?"

చైతు బ్యాగు కింద పెట్టలేదు. భుజానికి తగిలించుకోనూ లేదు. పట్టీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తల్లి గార్మెంట్స్‌లో ఉంటుంది, తండ్రి రెండో షిఫ్టుకు బయల్దేరి ఉంటాడు, అక్క ఆఫీసులో ఉంటుంది అనుకుని వచ్చాడు పాపం. క్యారల్స్ పిల్లలు తమ వీధికి వచ్చే రోజు మార్త ఒక పూట సెలవు పెట్టి పకోడీలు వేస్తుందని వాడికి తెలియనిది కాదు. ఈ ఏడు తెలిసినవి కూడా మరిచిపోతున్నాడు.

అక్క నవ్య కూడా సెలవు పెట్టి వంటగదిలో బాణలి ముందు నిలబడి ఉంది. నూనె కాగి పొగ లేస్తోంది. మంట తగ్గించాలని తెలుస్తూనే ఉంది, చెయ్యి కదలడం లేదు.

మంచం మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్న దేవదానం తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆడపిల్ల సంగతేమన్నానా?"

"నాన్నా!"

"ఉంటే చెప్పరా. కొట్టను. నీ ఈడుకి నేను మీ అమ్మ కోసం కనిగిరి బస్టాండు చుట్టూ తిరిగినోణ్ణే."

"ఇప్పుడా మాట అవసరమా?" అని మార్త భర్తను కసిరి, మళ్లీ కొడుకు వైపు తిరిగింది. "పరీక్ష పోయిందా? కాలేజీలో ఎవురన్నా ఏమన్నా అన్నారా? చెప్పరా అయ్యా. నోరు తెరువు."

"నన్నెందుకు అడుగుతావు? అక్కనడుగు."

ఆ మాటతో ముగ్గురూ వంటగది వైపు చూశారు.

నవ్య స్టవ్ ఆపేసింది. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఐదు రోజులుగా అమ్మ అడుగుతుంటే "పరీక్షలు కదా, స్నేహితుడి దగ్గర చదువుకుంటున్నాడు" అని చెబుతూ వచ్చింది. చర్చి సంఘంలో యవ్వనస్తుల కార్యదర్శి. ఇంట్లో మొదటి డిగ్రీ. నవ్య అబద్ధం చెప్పదు అని పదిమందిలో పేరు. ఐదు రోజులు చెప్పింది.

"ఏమ్మా?" అన్నాడు దేవదానం.

"వాడికి ప్రార్థన చేయాలనిపించడం లేదట నాన్నా."

మార్త ఊపిరి వదిలింది. "అంతేనా! దానికింత రాద్ధాంతమా? నాకూ ఒక్కో పొద్దు అనిపించదు. లైన్లో పది గంటలు మిషను తొక్కి వచ్చినాక ఆయన మాత్రం ఏం వింటాడులే అని పడుకుంటాను. పొద్దున్నే రెండు మాటలు ఎక్కువ చేస్తాను."

"అది కాదమ్మా." చైతు గొంతు మెత్తబడింది. తల్లితో ఎప్పుడూ అంతే. "నాకు నమ్మకం లేదు. నువ్వు ప్రార్థన చేస్తే వినేవాడున్నాడని నీకు తెలుసు చూడు, ఆ తెలియడం నాకు లేదు. పోయింది."

మార్త పిండి చేతులు గాలిలో అలాగే ఉంచి, తలుపు పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది. ఇప్పుడు గుమ్మం ఖాళీగా ఉంది. చైతు మాత్రం కదల్లేదు.

"ఎప్పట్నించి?" అని అడిగాడు తండ్రి.

"బాలరాజు పోయినప్పట్నించి."

బాలరాజు పేరు ఆ ఇంట్లో వినబడితే ఎవరో ఒకరు లేచి మంచినీళ్లకు వెళ్తారు. ఈసారి ఎవరూ లేవలేదు. వీడి కీబోర్డు, వాడి డోలక్. హెబ్బగోడి సంఘంలో ఆరేళ్లు ఆ రెండూ ఒక్కటే వాయిద్యం. జూలై వానల్లో హోసూరు రోడ్డు మీద వాడి బండి లారీ కిందికి జారింది. సంఘమంతా ఆసుపత్రి వరండాలో ఉపవాసం ఉంది. వాడు దక్కలేదు.

"మరి ఇన్ని నెలలూ కీబోర్డు ఎట్టా వాయించావురా?" అన్నాడు దేవదానం. అది నిందలా లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు ఉంది.

"పాట మీద నమ్మకం పోలేదు నాన్నా. వాళ్లంతా నా స్నేహితులు. శనివారం వస్తే నాకు వెళ్లడానికి వేరే చోటు లేదు. వాయిస్తూ ఉంటే ఎప్పటికైనా తిరిగొస్తుందేమో అనుకున్నా. అక్కకొక్కదానికే చెప్పాను. ఇప్పుడు వాయించే పని కూడా లేదులే. తీసేశారు."

"ఎవరు తీసేసింది?" దేవదానం ఒంటి బూటుతో లేచి నిలబడ్డాడు. "ఎవరికి చెప్పావు? అక్కకి చెప్తే వాళ్లకెట్టా తెలిసింది?"

నవ్య గుమ్మం దాటి వచ్చింది. "నేను ప్రార్థన మనవి పెట్టాను నాన్నా. శనివారం కూడికలో. సెమీ క్రిస్మస్ లోపల మన మధ్య ఎవరూ చల్లబడిపోకూడదని అందరం మనవులు చెప్పుకుంటున్నాం. నేను పేరు చెప్పలేదు. ఒక తమ్ముడు విశ్వాసంలో పడిపోయాడు, అతని కోసం ప్రార్థన చేయండి అన్నానంతే."

"అంతేనా? మొత్తం చెప్పు," అన్నాడు చైతు. "నాతో ఒకే కంచంలో తిన్న తమ్ముడు అని వెక్కి వెక్కి ఏడ్చావు. ఇంకెవరనుకుంటారు, పాస్టరు గారనా?"

నవ్వు వచ్చే మాటే. ఎవరికీ రాలేదు.

"మర్నాడు ప్రాక్టీసులో నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. తలెత్తి చూస్తే చుట్టూ నిలబడి ఉన్నారు. అందరూ. నా తల మీద చేతులు, భుజాల మీద చేతులు. కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేస్తున్నారు. 'ప్రభువా, ఈ బిడ్డను విడిపించు' అంటున్నారు. నా కంటే చిన్నవాళ్లు, నేను నోట్స్ నేర్పిన పిల్లలు కూడా. నాకు దయ్యం పట్టినట్టు. అయిపోయాక యవ్వనస్తులను నడిపే సుధీరన్న నన్ను వాటేసుకుని చెప్పాడు, కొన్నాళ్లు రెస్ట్ తీసుకో తమ్ముడూ, నీ ప్లేస్ ఎక్కడికీ పోదు అని. మంచివాళ్లే అందరూ. ప్రేమగానే చేశారు. తిట్టుకోడానికి కూడా ఒకడు దొరకలేదు నాకు."

మార్త కూతురి వైపు తిరిగింది. ఆమె మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, అందుకే నవ్యకు భయమేసింది.

"వాడు నీకు చెప్పిన పొద్దు నేను ఇంట్లోనే ఉన్నానా?"

"ఉన్నావు."

"మీ నాన్న?"

"ఉన్నాడు."

"మాకు చెప్పలేదు. సంఘానికి చెప్పావు."

"అమ్మా, నీకు చెప్తే కుమిలిపోతావని..."

"కుమిలితే కుమిలేదాన్ని. నా బిడ్డ కోసం నేను కుమలాల గానీ, ఊరు కుమిలితే ఏమొస్తదే?"

కష్టం వస్తే దాచుకోకు, పదిమంది ప్రార్థనలో పెట్టు అని చిన్నప్పటి నుంచి నవ్యకు నేర్పింది ఈ తల్లే. నేర్పినట్టే చేసింది. ఎక్కడ తప్పిందో ఆమెకింకా అందడం లేదు.

దేవదానం రెండో బూటు తొడుక్కున్నాడు. కంపెనీ బస్సు వచ్చే వేళయింది. కొడుకు దగ్గరికి వచ్చి, చెయ్యెత్తి, ఆ చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక బ్యాగు మీద వేశాడు.

"నమ్మకం లేకపోతే లేదురా. అన్నం తిని పో."

ఆయన మెట్లు దిగుతుంటే బూట్ల చప్పుడు కింద దాకా వినబడింది.

మార్త కొంగుతో ముఖం తుడుచుకుంది. పిండి నుదుటికి అంటింది.

"ఆ సొన్నమ్మ ఫోను చేసింది," అంది కొడుకుతో. "ఇయ్యాల క్యారల్స్ తన ఇంటికి రమ్మంది. బాలరాజు పోయిన ఇల్లు గదా, కొడుకు లేని ఏడు పండగ లేదు గదా అన్నాను నేను. పండగ మీది, నాది కాదు, మీరు రాండి అంది. ఇంకో మాట కూడా చెప్పింది. మీ చైతును తీసుకురాండి, వాడు లేకుండా ఎవురూ నా వాకిట్లోకి రావద్దు అంది. నేను సరేనన్నాను. నువ్వు ఇల్లొదిలి పోయినావని ఆమెకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చైతు బ్యాగు కింద పెట్టాడు.

* * *

సాయంత్రం ఇద్దరూ నడిచి వెళ్లారు. మార్త పకోడీల డబ్బా ఇచ్చి పంపింది. అక్క పట్టుకుంటానంటే తమ్ముడు ఇవ్వలేదు, తమ్ముడు మాట్లాడతాడేమోనని అక్క అడుగు తగ్గిస్తే అతనూ తగ్గించాడు గానీ మాట్లాడలేదు.

హెబ్బగోడి సందుల్లో షిఫ్టు మారే వేళ నడవడం అంటే జనాన్ని తోసుకుంటూ పోవడమే. వరసగా కార్మికుల గదులు. అక్కడొకటి ఇక్కడొకటి కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి. పోయినేడు వీటిలో సగం చైతు, బాలరాజు నిచ్చెన మోసుకుంటూ తిరిగి కట్టారు. ఈ ఏడు ఎవరి నక్షత్రం వాళ్లు కట్టుకున్నారు. కొన్ని వంకరగా ఉన్నాయి.

"నీకు కోపం నా మీదనా, దేవుడి మీదనా?" నవ్యే ముందు అడిగింది.

"దేవుడి మీద కోపం రావాలంటే ఆయన ఉండాలి కదక్కా."

"అట్లా అనకురా."

"సరే, అనను. నిన్నూ తిట్టను. నా కోసం నువ్వు ఎంత ఏడ్చావో నాకు తెలుసు. గోడ అవతల వినబడింది."

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది నవ్యకు. మెట్రో వంతెన నీడ దాటాక ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

"బాలరాజు పోతే నాకు బాధ లేదనుకున్నావా? వాడికి రాఖీ కట్టినదాన్ని. నేనూ అడిగాను, ఎందుకు ప్రభువా అని. అడిగి, అడిగి, మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. నువ్వు వెళ్లకుండా నిలబడిపోయావు. అందుకే..."

"నువ్వు వరండాలో ఉన్నావు. నేను లోపల ఉన్నాను."

"అంటే?"

"ఏం లేదు. నడువు."

"చెప్పరా. ఐదు నెలలుగా ఇదే. ఏదో మొదలుపెడతావు, ఏం లేదంటావు."

చైతు మూసేసిన ఒక దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ రోజు తెల్లవారుజామున సుధీరన్న, వంతులవారీగా చేస్తున్న గొలుసు ప్రార్థనలోంచి లేచి వచ్చి ఏం చెప్పాడు?"

"దేవుడి వాగ్దానం వచ్చిందన్నాడు. బతుకుతాడన్నాడు. అందరం నమ్మాం."

"నమ్మి ఏం చేశావు నువ్వు?"

నవ్యకు వెంటనే గుర్తుకు రాలేదు. చేసినవి చాలా ఉన్నాయి. రక్తం కోసం ఫోన్లు చేసింది, డాక్టర్ల వెంట తిరిగింది, టీలు తెప్పించింది. ఆ తర్వాత గుర్తొచ్చింది. రెండు రోజులుగా బల్ల మీద కూర్చుని పలకకుండా ఉన్న సొన్నమ్మ. "ఇంటికెళ్లి స్నానం చేసి, ఒక్క ముద్ద తిని రా అత్తా. ఇంక భయం లేదు. దేవుడు మాటిచ్చాడు." సొన్నమ్మ పోనంది. నవ్యే చెయ్యి పట్టి లేపి, అమ్మను తోడిచ్చి ఆటో ఎక్కించింది. ఆ రోజు తను చేసిన మంచి పని అదొక్కటే అని ఇప్పటిదాకా అనుకుంటోంది.

"పాపం, కళ్లు తేలేసి ఉంది. ఒక గంట పడుకుంటుందని..."

"అప్పుడే నన్ను లోపలికి పిలిచారు. ఒక్కరే ఉండాలన్నారు. వాడికి మెలకువ వచ్చింది. నన్ను గుర్తుపట్టాడు. 'మా అమ్మ ఏదిరా' అన్నాడు."

నవ్య గోడకు చెయ్యి ఆనించింది.

"వస్తోందిరా, దారిలో ఉందిరా అన్నాను. ఇంటికి పంపించేశామని ఎట్టా చెప్పను? నువ్వు బతుకుతావని మాకు నమ్మకం కుదిరి పంపించామని చెప్పనా? వాడు తలుపు వైపే చూశాడక్కా. సొన్నమ్మత్త తడి జుట్టుతో పరిగెత్తుకుంటూ వచ్చేసరికి దుప్పటి కప్పేశారు."

వీధిలో ఎవరో హారన్ కొట్టుకుంటూ పోయారు.

"కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే చాలు, వాడు అడుగుతాడు. అందుకని కళ్లు మూసుకోవడం మానేశాను. ఆ తర్వాత మిగతాది కూడా పోయింది."

"నాకెందుకు చెప్పలేదురా?" అంది నవ్య. "ఇన్నాళ్లూ ఒక్కడివే..."

"చెప్తే నువ్వు నిలబడగలవా? నీకు సంఘం తప్ప ఏముంది? పైగా..." అని ఆగి, చేదుగా నవ్వాడు. "నువ్వు దాన్ని కూడా శనివారం కూడికలో పెడతావు. పేరు చెప్పకుండా."

నవ్య మెట్టు మీద కూలబడింది. తమ్ముడి మోకాలి మీద తల ఆనించి ఏడ్చింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నారని కూడా పట్టలేదు. అతను ఆమె తల మీద చెయ్యి వేయబోయి, ఆ చెయ్యిని చూసుకుని, వెనక్కి తీసుకుని, భుజం పట్టుకున్నాడు.

"నాకొక్క మాట ఇయ్యి," అన్నాడు. "ఇది సొన్నమ్మత్తకు ఎన్నటికీ తెలియకూడదు. నిద్రలోనే పోయాడని డాక్టరు చెప్పాడు, ఆమె అదే నమ్మింది. అట్లాగే ఉండాలి. అమ్మకు వద్దు, సుధీరన్నకు వద్దు, ప్రార్థనలో వద్దు. మాటిస్తే ఇంటికి వస్తాను. ఈ రాత్రే వస్తాను."

"ఒట్టు," అంది నవ్య. ఒట్లు పెట్టడం తమ విశ్వాసంలో లేదు. అయినా అతని అరచేతిలో చెయ్యి వేసింది.

* * *

సొన్నమ్మ గది సందు చివర, పైన రేకులు. తను పనిచేసే పీజీ హాస్టల్లో సాయంత్రం వంట ఇంకొకరికి అప్పగించి, వాకిలి కడిగి ముగ్గేసి కూర్చుంది. యవ్వనస్తులు సందు మొదట్లోనే గుంపుగా ఆగి ఉన్నారు. క్రిస్మస్ తాత వేషం వేసిన కుర్రాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, పెట్టుకోవాలో వద్దో ఎవరూ చెప్పడం లేదు.

చైతును చూడగానే సుధీర్ గబగబా ఎదురొచ్చాడు. బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది.

"తమ్ముడూ, వందనాలు. వచ్చావు, చాలా హ్యాపీ. చూడు, ఆ రోజు మేం కొంచెం... ఐ మీన్, నువ్వు హర్ట్ అయ్యావని..."

"పర్లేదన్నా. లోపలికి ఎవరు ముందు వెళ్తారు?"

"అదే ఆలోచిస్తున్నాం. ఒక్క పాట, సాఫ్ట్‌గా పాడి, చిన్న ప్రేయర్ చేసి వచ్చేద్దామనుకుంటున్నా. డోలక్ వద్దులే. తాత కూడా వద్దు. ఏమంటావ్ నవ్యా?"

నవ్య ఏమీ అనలేదు. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడకుండా ఉండటం ఆమెకు అలవాటు లేని పని. ఆ సాయంత్రమే నేర్చుకుంటోంది.

"ఏమప్పా, బీదిలో నిలబడుకొని మీటింగా?" సొన్నమ్మే బయటికి వచ్చింది. "రాండి లోపలికి. ఏం, నా ఇంట్లో బూచోడు ఉండాడా? ఆ తాతను కూడా రమ్మనండి. ఎర్రంగీ వేసుకున్నోడికి ఎండాకాలం మాదిరి చెమట పడతా ఉండాది, పాపం."

ఇద్దరు పిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వొచ్చినందుకు సిగ్గుపడ్డారు.

చెప్పులు గుట్టగా విడిచి లోపలికి వెళ్లారు. గది పట్టలేదు, సగం మంది గుమ్మంలోనే నిలబడ్డారు. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, పక్కన పూలదండతో బాలరాజు. ఆమె ఎన్నడూ చర్చికి రాలేదు. "మీ దేవుడు మంచోడే, నాకు నా దేవుడు ఉండాడు" అనేది. కొడుకు డోలక్ వాయిస్తాడని మాత్రం ఏటా క్యారల్స్‌ను పిలిచి, అందరికీ పాయసం పోసేది.

పాడారు. పాట ఎటు పోతోందో ఎవరికీ తెలియలేదు. తాళం వేసే చెయ్యి లేక రెండో చరణంలో చెదిరిపోయారు. చైతు పెదవులు కదలలేదు. కానీ అతని వేళ్లు తొడ మీద కీబోర్డు మెట్లు వెతుకుతున్నాయి. నవ్య అది చూసి కళ్లు తిప్పుకుంది.

పాట అయిపోయింది. సుధీర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒక చిన్న ప్రార్థన చేసి..."

"నువ్వు ఉండప్పా," అంది సొన్నమ్మ. "నువ్వు చానా బాగా చేస్తావు. ఆసుపత్రిలో విన్నాను. ఈ పొద్దు నువ్వొద్దు. చైతూ, నువ్వు చెయ్యి నాయనా."

అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. ఆదివారం ఆ కుర్రాడి మీద ఉంచిన చేతులన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లోకీ, చున్నీల్లోకీ పోయాయి.

"నేను చేస్తానత్తా," అంది నవ్య.

"నువ్వు సుమ్నె, ఊరికే కూర్చో పాపా. వాణ్ణి అడిగినాను."

చైతు వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "నాకు రాదత్తా."

"ఏల రాదు? మావోడు చెప్తా ఉండె గదా, చైతు ప్రార్థన చేస్తే దేవుడు పక్కన కూర్చొని వింటా ఉన్నట్టు ఉంటాదమ్మా అని."

"అప్పుడు వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. నీ దగ్గర నటించలేను."

సొన్నమ్మ అతని ముఖంలోకి చూసింది. కోప్పడలేదు. తల ఊపింది, తనకూ అలాంటిదేదో తెలుసన్నట్టు. అతని చేతిని తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"పోనీలే. ప్రార్థన కోసం పిలవలేదులే నేను. పాట కోసం కూడా కాదు. ఒక మాట అడగాలని ఉండాది. నిన్ను అడగాలని ఎన్ని తూర్లు మీ ఇంటి దాకా వచ్చి తిరిగిపోయినానో. ఒంటిగా అడిగితే నేను తట్టుకోలేనేమోనని, మీరంతా ఉండంగా అడుగుతాండా." ఆమె అతని చేతిని గట్టిగా పట్టుకుంది. "లోపల నువ్వొక్కడివే ఉంటివి. నా బిడ్డకు తెలివొచ్చిందా? నన్ను అడిగినాడా?"

చైతు తల దించలేదు. ఆమె కళ్లలోకి చూస్తూనే అన్నాడు.

"లేదత్తా. నిద్రలోనే పోయాడు. ఏమీ తెలియలేదు వాడికి."

ఎంత బాగా చెప్పాడంటే, ఆ మాట నిజమైపోతే ఎంత బాగుండునో అనిపించింది నవ్యకు. నమ్మకం లేనివాడు, పడిపోయినవాడు అని తను ఏడ్చి చెప్పిన తమ్ముడు, ఇన్ని నెలలు తన కోసం, ఈ తల్లి కోసం మోస్తున్న బరువుతో కూర్చుని, వణక్కుండా అబద్ధం చెబుతున్నాడు.

సొన్నమ్మ అతని చేతిని వదలకుండానే తల తిప్పింది.

"పాపా."

నవ్య తలెత్తింది.

"నువ్వు అబద్ధం చెప్పవని నా బిడ్డ ఎప్పుడూ అంటా ఉండె. ఆ అక్క నోట్లో అబద్ధం రాదమ్మా అని. నువ్వు చెప్పు. వీడు చెప్పేది నిజమేనా?"

చైతు ఆమె వైపు చూశాడు. మాటిచ్చావు అన్నట్టు కాదు. బతిమాలుతున్నట్టు చూశాడు.

నిజమే అనడానికి నవ్య నోరు తెరిచింది. చిన్న మాట. ఐదు రోజులు తల్లికి చెప్పిన అబద్ధం కంటే చిన్నది. తమ్ముడు ఈ రాత్రి ఇంటికొస్తాడు. అమ్మ వడ్డిస్తుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్న ముఖాన్ని ఆమె ఎరుగును. ఇలాగే, ఈ కళ్లతోనే ఆ తెల్లవారుజామున సొన్నమ్మ తనను అడిగింది, "నిజంగా పోయి రావచ్చునా పాపా?" అని. వెళ్లు అత్తా, నన్ను నమ్ము అంది తను. ఆమె నమ్మింది.

రెండోసారి నమ్మించడం నవ్య వల్ల కాలేదు.

"అడిగాడత్తా."

గుమ్మంలో ఎవరో "అయ్యో" అన్నారు.

"మెలకువ వచ్చింది. అమ్మ ఏది అన్నాడు. నిన్ను ఇంటికి పంపింది నేనే. నేను పంపకపోతే నువ్వు అక్కడే ఉండేదానివి."

సొన్నమ్మ ఏడవలేదు. అరవలేదు. ఆమె చేతుల పట్టు మాత్రం సడలింది. చైతు తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. లేచాడు. అక్క పక్క నుంచే వెళ్లాడు గానీ ఆమెను తాకకుండా, పరాయి మనిషిని దాటినట్టు దాటాడు. గుంపు తనంతట తనే జరిగి దారి ఇచ్చింది.

"ఒరే చైతూ..." అంది నవ్య. అతను ఆగలేదు.

సొన్నమ్మ కళ్లు నవ్య ముఖం మీదే ఉన్నాయి. పక్కింటివాళ్లను ఏదో మామూలు సంగతి అడిగినంత మెత్తగా అడిగింది.

"ఎన్ని తూర్లు అడిగినాడు పాపా?"

నవ్యకు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. వాడు గుమ్మం అవతల, ఆ చెప్పుల గుట్టలో తన జత వెతుక్కుంటున్నాడు.